వైమానికులకు నేర్పిన ధైర్యము

ఆకాశమున ఆపద వచ్చినపుడు విమానచోదకుని గుండె వేగముగా కొట్టుకొనును. చూపు ఒక్కచోటనే నిలిచిపోవును. మనస్సు తలచునది యొకటి, చేయి చేయునది మఱియొకటి యగును. ఇది పిఱికితనము కాదు, శరీరధర్మము. శిక్షణచే దీనిని లొంగదీయవచ్చునని మానవుడు గ్రహించుటకు కొంతకాలము పట్టినది.

1912 ఆగస్టు 25వ తేదీన ఇంగ్లండులోని సాలిస్‌బరీ మైదానముపై లెఫ్టినెంటు విల్‌ఫ్రెడ్ పార్కు నడుపుచున్న ఆవ్రో విమానము గిరికీలు కొట్టుచు నేలకు దిగజొచ్చెను. నేల మీదికి వచ్చుచున్నపుడు విమానపు ముక్కు పైకెత్తవలెననియే ఎవరికైనను తోచును. ఆయనయు కఱ్ఱను వెనుకకే లాగెను. గిరికీ ఆగలేదు. తుదకు చుక్కానిని ఎదురుదిక్కునకు త్రొక్కగా, నేల ఇక సుమారు 50 అడుగుల దూరమున నుండగా విమానము నిలద్రొక్కుకొనెను. చూచినవారు ఆశ్చర్యపడిరి. కాని ఆ విద్య వెంటనే బడి కెక్కలేదు. గిరికీ యన్న మృత్యువే యను భయము చాలకాలము పోలేదు. పార్కు ఆ డిసెంబరులోనే వేఱొక ప్రమాదమున మరణించెను.

మొదటి ప్రపంచయుద్ధమున ఫ్రాన్సుకు వచ్చు కుఱ్ఱవాండ్ర అరకొర శిక్షణ చూచి మండిపడినవాడు రాబర్టు స్మిత్-బారీ. 1917లో గాస్పోర్టున ఆయన పాత పద్ధతిని తలక్రిందులు చేసెను. శిష్యుని ఆపదకు దూరముగా నుంచుట కాదు. ఆపదలోనికే కొనిపోయి, బయటపడు దారి చూపి, పిమ్మట ఒంటరిగా పోయి మరల చేసి రమ్మనుట. గిరికీ కొట్టుట, అడ్డగాలిలో దిగుట, ఇవి యన్నియు అక్కడ నిత్యాభ్యాసములు.

అక్కడి సాధన మొకటి మా వృత్తివారికి ముచ్చట గొలుపును. ఇంజను హోరులో గురువు కేకలతోను, చేసైగలతోను నెట్టుకొని రావలసి యుండెడిది. గాస్పోర్టున ఒక మాటల గొట్టమును శిష్యుని చెవికి తగిలించిరి. భయము పుట్టిన క్షణముననే నెమ్మదియైన కంఠము వినబడుట ఎంత మేలో, కంఠమునే నమ్ముకొని బ్రతుకు మాకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

1929 నాటికి అమెరికాలో ఎడ్విన్ లింక్, తన తండ్రి కర్మాగారమున ఆర్గన్ వాద్యములకు వాడు తిత్తుల వంటివానితోనే, నేల విడువని శిక్షణయంత్రమును నిర్మించెను. నేటి సిమ్యులేటర్లకు అది ఆదిరూపము.

అయినను 2009 జూన్ 1వ తేదీన రియో డి జనీరో నుండి పారిస్ పోవు ఎయిర్ ఫ్రాన్స్ విమానమున, వేగము కొలుచు గొట్టములలో మంచు చేరి ఆటోపైలట్ తొలగిపోగా, చోదకుని చేయి 97 ఏండ్ల క్రిందట పార్కు చేయి పోయిన వైపునకే పోయెను. ముక్కు పైకి లేచెను. రెక్కలు గాలిపై పట్టు కోల్పోయినను ఎత్తు తగ్గింపలేదు. కొలది నిమిషములలో 228 మందియు సముద్రము పాలైరి.

2012 నాటి ఫ్రెంచి దర్యాప్తు నివేదిక, దిగ్భ్రాంతిని తట్టుకొను శిక్షణను చోదకుల కీయవలెనని కోరెను. చిక్కంతయు ఇక్కడనే యున్నది. సిమ్యులేటరులో అడుగిడు చోదకుడు ఏదో యొక ఆపద రానున్నదని ఎఱిగియే యుండును. అందువలన ఏ యంత్రము ఏ క్షణమున చెడునో ముందుగా తెలుపకయే పాఠము నడుపుటకు శిక్షకులు యత్నించుచున్నారు.