పత్తి దారిలో రేసు కార్లు

పిడుగురాళ్ళలో బయలుదేరిన 167ఎ జాతీయ రహదారి నరసరావుపేట, చిలకలూరిపేట, చీరాల మీదుగా వచ్చి మా వాడరేవు సముద్రం దగ్గర ఆగిపోతుంది. దాని వెంట చాలా దూరం పత్తి, మిరప నేలలే. ఆ పత్తి ఎటు పోయిందో, దాని మీద వచ్చిన డబ్బు ఏమైందో చూస్తే మా ప్రాంత చరిత్ర సగం తెలుస్తుంది. మిగతా సగానికి కోయంబత్తూరు వెళ్ళాలి.

విజయనగర, నాయక రాజుల కాలంలో తెలుగునాడు వదిలి అటు వెళ్ళిన రైతులు అక్కడి నల్లరేగడిలోనూ పత్తే వేశారు. వాళ్ళ వారసులైన నాయుళ్ళ ఇళ్ళల్లో నేటికీ తెలుగే. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్ పెట్టారు. 1930లలో పైకారా జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటు రాగానే మిల్లులు వరసగా లేచాయి. మిల్లులకు విడిభాగాలు కావాలి గనక ఫౌండ్రీలు, లేతు షెడ్లు వచ్చాయి. మనమేమో బేళ్ళు కట్టి పంపేశాం. డబ్బు పొలాల మీదికి, పొగాకు మీదికి, మద్రాసు సినిమాల మీదికి పోయింది (సినీ నిర్మాత రామానాయుడు గారిది మా పక్కనున్న కారంచేడే కదా). తప్పనను. కానీ లేతు చప్పుడు మధ్య పెరిగిన పిల్లవాడి ఊహలు వేరు.

సుందరం కరివర్ధన్ అలాంటివాడు. 1954లో ఆ లక్ష్మీ మిల్స్ కుటుంబంలోనే పుట్టారు. మద్రాసు దగ్గర షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే మీద జరిగే రేసుల్లో కారు తోలారు. (మా ప్రాంతంలోనూ కొరిశపాడు దగ్గర హైవే మీద యుద్ధ విమానాలు దిగే 4.1 కిలోమీటర్ల రన్‌వే ఉంది. రేసులకిమ్మని అడగట్లేదు లెండి.) అయితే తోలినందుకంటే కట్టినందుకే ఆయన పేరు ఎక్కువ నిలిచింది. 1983లో మారుతి 800 రోడ్డెక్కింది. దాని 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజనుతోనే 1988లో ఆయన ఒంటి సీటు రేసు కారు తెచ్చారు. అదే ఫార్ములా మారుతి. గొట్టాలు అతికిన చట్రం, ఏ మూతా లేని నాలుగు చక్రాలు, తోలేవాడు దాదాపు పడుకున్నట్టు కూర్చునే ఇరుకు సీటు. ఇంజను మాత్రం పిల్లల్ని బడికి దించే కారుదే. విడిభాగం ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. అందరిదీ ఒకటే ఇంజను గనక గెలుపు తోలేవాడి చేతిలో పడింది.

ఇలాంటి కారు ఒక్కడి వల్ల అయ్యేది కాదు. వెల్డరు, ఫిట్టరు, లేతు మేస్త్రీ పక్కనుండాలి. మా రేవులో పడవ ఇంజను మొరాయిస్తే ఇసుక మీదే గోనెపట్టా పరిచి విప్పేసి, అరిగిన బుష్షు చీరాల పంపి కొత్తది తిప్పించుకొచ్చే కుర్రాళ్ళున్నారు. చెయ్యి ఉంది, వెనక మిల్లే లేదు.

కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయారు. 2003లో బి. విజయ్‌కుమార్ కోయంబత్తూరు శివారు చెట్టిపాళయంలో కట్టిన 2.1 కిలోమీటర్ల ట్రాక్‌కు కరి మోటార్ స్పీడ్‌వే అని ఆయన పేరే పెట్టారు. ఆయన కారుతో శ్రీపెరుంబుదూరులో తొలి రేసులోనే పోడియం ఎక్కిన కోయంబత్తూరు కుర్రాడు నారాయణ్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో దిగిన మొదటి భారతీయుడయ్యాడు. ఆ ఏడే ఇండియానాపొలిస్‌లో నాలుగో స్థానం, 5 పాయింట్లు. మిషెలిన్ టైర్ల జట్లు తప్పుకోవడంతో ఆ రోజు పరుగెత్తింది ఆరు కార్లేనని దెప్పేవాళ్ళున్నారు. దెప్పనివ్వండి, ఆ ఆరింట్లో ఒకటి మనవాడిది.