సముద్రం లేని మనకు ఒకనాటి రేవు: మచిలీపట్నం

మన ఆసిఫాబాద్ ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి నీళ్లంటే పెద్దవాగు, ప్రాణహిత, గోదావరి. సముద్రమంటే పూరీకో రామేశ్వరానికో యాత్ర పోయినప్పుడు స్నానం చేసి వచ్చేదే. "తెలంగాణకు సముద్రంతో ఏం సంబంధం?" అని చదువుకున్నవారు కూడా అంటుంటారు. ఈ మాట సరికాదు. గోలకొండ రాజ్యానికి ఒకప్పుడు దేశదేశాల ఓడలు వచ్చి ఆగే రేవు ఉండేది. అదే మచిలీపట్నం. మన సంఘ మిత్రులం కొందరం ఆ మధ్య కుటుంబాలతో ఆ పట్నం చూసి వచ్చాము. అక్కడ చూసినదానికి చదివి తెలుసుకున్నది జోడించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అలెగ్జాండ్రియాలో తెలిసిన తీరం

ఆఫ్రికా ఖండపు ఉత్తర తీరాన, మధ్యధరా సముద్రపు ఒడ్డున అలెగ్జాండ్రియా అనే ప్రాచీన నగరం ఉంది. అక్కడి దీపస్తంభం ప్రపంచపు ఏడు వింతలలో ఒకటిగా పేరు పొందింది. విదేశాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు ఇప్పుడు అటువంటి నగరాలు చూసి ఫోటోలు పంపుతున్నారు. సంతోషమే. అయితే ఆ అలెగ్జాండ్రియా వారికి మన తెలుగు తీరం రెండు వేల ఏండ్ల కిందటే తెలుసు.

క్రీస్తు శకం ఒకటో శతాబ్దంలో ఈజిప్టుకు చెందిన ఒక గ్రీకు వర్తకుడు సముద్ర వ్యాపార మార్గాల గురించి చిన్న పుస్తకం రాశాడు. అతని పేరు ఎవరికీ తెలియదు. పుస్తకాన్ని మాత్రం 'పెరిప్లస్' అంటారు. అందులో 'మసాలియా' అనే ప్రాంతాన్ని పేర్కొని, అక్కడ సన్నని నూలు బట్టలు విస్తారంగా తయారవుతాయని రాశాడు. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరవాసి అయిన టాలెమీ తన భూగోళ గ్రంథంలో ఇదే తీరాన్ని 'మైసోలియా' అన్నాడు. ఇది కృష్ణానది సముద్రంలో కలిసే ప్రాంతమని చరిత్రకారుల అభిప్రాయం. ఆ కాలపు సరుకు రుతుపవనాల సాయంతో ఓడల్లో ఎర్ర సముద్రం చేరేది. అక్కడినుంచి ఒంటెల మీద నైలు నదికి, నదిలో పడవల మీద అలెగ్జాండ్రియాకు పోయేది.

ఈ వ్యాపారం తీరానికే పరిమితం కాలేదు. మన పాత కరీంనగర్ జిల్లాలోని పెద్దబంకూరు తవ్వకాలలో వేల సంఖ్యలో శాతవాహన నాణేలతోపాటు రోమన్ నాణేలు కూడా దొరికాయి. రైలులో పెద్దపల్లి దాటేటప్పుడు ఈ సంగతి మా తోటివారికి చెబితే, కిటికీలోంచి తొంగిచూసి, "ఇన్నేండ్లు ఈ దారినే తిరిగాం గదా!" అని ఆశ్చర్యపోయారు.

అభయం నుంచి ఫర్మానా దాకా

మధ్యయుగంలో మన ఓరుగల్లు ప్రభువు కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుఫాను దెబ్బకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాలకులు స్వాధీనం చేసుకోవడం అంతకుముందున్న ఆచారం. ప్రాణాలకు తెగించి వచ్చిన వర్తకుని సొత్తు అట్లా లాక్కోకూడదని, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని ఆ శాసనం హామీ ఇచ్చింది. లోపలి రాజ్యమేలే రాజుకు సముద్ర వ్యాపారం మీద ఎంత శ్రద్ధ ఉండేదో దీనివల్ల తెలుస్తుంది.

కుతుబ్ షాహీల కాలంలో మచిలీపట్నం దశ తిరిగింది. ఫారసీ భాషలో 'బందర్' అంటే ఓడరేవు. ఆ మాటే ఊరిపేరై బందరుగా నిలిచింది. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో, ఫ్రెంచివారు 1669లో ఇక్కడ వర్తక కోఠీలు పెట్టుకున్నారు. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా ఇంగ్లీషు కంపెనీకి వ్యాపార సౌకర్యాలు కల్పిస్తూ ఇచ్చిన ఉత్తర్వును 'బంగారు ఫర్మానా' అని వారు గొప్పగా చెప్పుకున్నారు. ఇక్కడి ఓడలు పెగూ, అచే, మోఖా, పర్షియా రేవులకు పోయేవి.

ఆ ఓడల్లో పోయిందేమిటి? కలంకారీ బట్టలు, నీలిమందు, వజ్రాలు, ఉక్కు. ఈ ఉక్కు సంగతి మనవారు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. నిర్మల్ పరిసరాల్లోని ఇనుప ఖనిజంతో కోనసముద్రంలో మేలైన ఉక్కు తయారయ్యేది. ఇనుమును చిన్న మట్టి మూసల్లో పెట్టి, మూతి మూసి, గంటల తరబడి కొలిమిలో కాచి, నిదానంగా చల్లార్చేవారు. డమాస్కస్ కత్తులని లోకం మెచ్చిన కత్తులకు వాడిన ఉక్కు ఇటువంటిదే. 1820 ప్రాంతంలో కోనసముద్రం వచ్చిన హెన్రీ వాయ్సీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు, ఉక్కు కోసం పర్షియా వర్తకులు స్వయంగా ఆ ఊరికి వచ్చేవారని రాశాడు. గోలకొండ రాజ్యపు ఉక్కును పదిహేడో శతాబ్దంలో డచ్చివారు కోరమండల్ రేవుల నుంచి ఎగుమతి చేశారు.

బట్టల వెనుక నేతగాని కష్టం ఉంది. కంపెనీలు ముందుగా బయానా ఇచ్చి బట్ట నేయించుకునేవి. ఒకసారి బయానా తీసుకున్నవాడు సరుకు ఇచ్చి తీరాలి. ధర నిర్ణయం కోఠీవారి చేతిలో ఉండేది. రాజుల ఫర్మానాలు భద్రంగా ఉన్నాయి గాని, ఆ నేతగాళ్ల పేర్లు ఏ దఫ్తరులోనూ మిగలలేదు.

తీరం చేజారిన విధం

1687లో గోలకొండ ఔరంగజేబు వశమైంది. తర్వాత ఈ తీరం ఆసఫ్ జాహీల పాలనలోకి వచ్చింది. 1750లో బందరు ఫ్రెంచివారి చేతికి పోయింది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు రాత్రివేళ కోటమీద దాడిచేసి పట్టుకున్నాడు. నిజాం సలాబత్ జంగ్ కొద్ది వారాలకే బందరును ఇంగ్లీషువారికి రాసిచ్చాడు. 1766 ఒప్పందంతో ఉత్తర సర్కారులు, 1788లో గుంటూరు సర్కారు కంపెనీ పరమయ్యాయి. దాంతో హైదరాబాదు రాజ్యానికి సముద్రం ముఖమే లేకుండాపోయింది.

1802లో నిజాముకు, కంపెనీకి వర్తక ఒప్పందం జరిగింది. నిజాం సర్కారు మచిలీపట్నం రేవును వాడుకోవచ్చునని, అక్కడ కోఠీని, ఏజెంట్లను పెట్టుకోవచ్చునని అందులో రాసుకున్నారు. జీవితమంతా ఫైళ్లలో గడిపిన మనకు ఈ షరతు చదివితే విషయం ఇట్టే అర్థమవుతుంది. 1632లో గోలకొండ పాలకుడు ఫర్మానా ఇచ్చేవాడు, కంపెనీ పుచ్చుకునేది. 170 ఏండ్లు తిరిగేసరికి వంశం మారింది. హైదరాబాదు గద్దె మీద ఉన్నవారు అదే రేవుకు దరఖాస్తుదారులయ్యారు.

ఉప్పెన

అప్పటికే మద్రాసు ముందుకొచ్చి బందరు వ్యాపారం తగ్గింది. పెద్ద ఓడలు దూరంగా ఆగితే చిన్న పడవల్లో సరుకు దించుకోవలసి వచ్చేది. ఆ పైన 1864 నవంబరు 1వ తేదీ రాత్రి పెను తుఫాను, ఉప్పెన పట్నాన్ని ముంచేశాయి. సుమారు 30 వేలమంది చనిపోయారు. మరుసటి ఏడే ఇంగ్లీషువారు కోటలోని సైన్యాన్ని తీసివేశారు.

సరిగ్గా 113 ఏండ్లకు, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన వచ్చింది. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. మన వయసు వారందరికీ ఆ రోజుల పత్రికల్లోని ఫోటోలు ఇంకా కళ్లముందే ఉన్నాయి. ఇప్పుడు మచిలీపట్నంలో వాతావరణశాఖవారి రాడార్ ఉంది. ముందుగా హెచ్చరించి, జనాన్ని తరలించే పద్ధతి వచ్చింది. ఒడ్డున ఉండేవారికి రాజుల చరిత్ర కన్నా ఈ మార్పే ముఖ్యమైనది.

చూడవలసినవి

ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌లో రైలెక్కి కాజీపేట, వరంగల్ మీదుగా విజయవాడ చేరితే, అక్కడినుంచి గుడివాడ మీదుగా రైలు ఉంది. బస్సులకైతే కొదవలేదు, దూరం సుమారు 70 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి కూడా బందరులోనే ముగుస్తుంది.

బందరుకోటలో ఇటుక, సున్నంతో కట్టిన పాత కట్టడాల శిథిలాలున్నాయి. డచ్చివారి సమాధుల మీద వారి భాషలో చెక్కిన రాతలున్నాయి. ఎక్కడో పుట్టి వర్తకం కోసం వచ్చి ఈ ఉప్పునేలలో కలిసిపోయినవారు వారు. మాతో వచ్చిన ఆడవాళ్లు ఆ రాళ్లముందు కాసేపు నిశ్శబ్దంగా నిలబడ్డారు.

పెడనలో కలంకారీ అచ్చుపని నేటికీ సాగుతోంది. చెక్క దిమ్మెలతో ఒక్కో రంగూ విడివిడిగా అద్దుతారు. చిలకలపూడిలో పాండురంగస్వామి ఆలయం ఉంది. ఆ పేరుతోనే గిల్టు నగలు ప్రసిద్ధి. మంగినపూడి సముద్రతీరం ఊరికి పది, పదకొండు కిలోమీటర్లు. షుగరు ఉన్నవారు బందరు లడ్డును రుచి వరకే చూడడం మంచిది.

పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించింది ఈ ఊరిలోనే. 2020లో యూనియన్ బ్యాంకులో కలిసేదాకా ఎందరో పెన్షనర్లు నెలనెలా దాని ముందు వరుసలో నిలబడ్డవారే. 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల కూడా ఈ ఊరి ఘనతే.

బందరులో కొత్త ఓడరేవు పనులు 2023లో మొదలయ్యాయి. 2025లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదు నుంచి ఆ రేవుదాకా కొత్త రహదారి కావాలని కేంద్రాన్ని కోరింది. 2014లో రాష్ట్రాలు రెండయ్యాయి గాని, లోపలి ఊరి సరుకుకు ఒడ్డు కావాలి, ఒడ్డుకు లోపలి సరుకు కావాలి. గణపతిదేవుడు ఎరిగిన విషయమే ఇది.

కనుక సభ్యులు ఈసారి యాత్ర వేసుకునేటప్పుడు విజయవాడ కనకదుర్గమ్మ దర్శనంతో తిరుగుముఖం పట్టక, మరొక్క రోజు కలుపుకొని మచిలీపట్నం చూడవలసిందిగా మనవి. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం దాటాక, సంక్రాంతి ముందువెనుకలు అనువైన సమయం. వీలైతే మనుమలను, మనుమరాళ్లను వెంట తీసుకపొండి.