మునిగిపోని లాగ్: నాగార్జున కొండ నుంచి డేటాబేస్ దాకా

మాది మిర్యాలగూడ. చిన్నప్పుడు నాకు సాగర్ అంటే ఎడమ కాలువ నీళ్లు, వరి పొలాలు, సెలవుల్లో లాంచీ ఎక్కి నాగార్జున కొండకు పోవడం. అక్కడి మ్యూజియంలో రాతి స్తంభాల మీది రాతలు చూసీ చూడనట్టు ముందుకు వెళ్లిపోయేవాణ్ని. బీటెక్ అయ్యి, ఉద్యోగంలో ఒకసారి గట్టి దెబ్బ తిన్నాక గానీ వాటి విలువ తెలియలేదు.

ముందు ఆ దెబ్బ సంగతి చెప్తా. ఒక వెబ్‌సైట్‌కి ఆర్డర్ల భాగం నేనే రాశాను. ఆర్డర్ సేవ్ చేయడం, స్టాక్ తగ్గించడం, ఫలానా యూజర్ ఫలానా టైమ్‌కి ఇది చేశాడని లాగ్ టేబుల్‌లో ఒక వరుస రాయడం, ఈ మూడూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టాను. ఒక రాత్రి కొందరికి బ్యాంకులో డబ్బులు కట్ అయ్యాయి, మా దగ్గర ఆర్డర్లు మాత్రం లేవు. లాగ్ టేబుల్ తెరిచి చూస్తే అక్కడా ఏమీ లేదు!

ఎందుకంటే ట్రాన్సాక్షన్ మధ్యలో తప్పు వస్తే అందులో రాసినదంతా డేటాబేస్ వెనక్కి తీసేస్తుంది. దాన్నే రోల్‌బ్యాక్ అంటాం. ఆర్డర్‌తో పాటు నా లాగ్ కూడా పోయింది. అంతా బాగున్నప్పుడు మిగిలే లాగ్, పని చెడినప్పుడు లేదు. ఎవరికి ఎంత వాపసు ఇవ్వాలో తేల్చడానికి పేమెంట్ రిపోర్టులు ముందేసుకుని మూడు రోజులు కూర్చున్నాం.

ఇప్పుడు కొండ దగ్గరికి వద్దాం. 3వ శతాబ్దంలో ఆ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. అక్కడి మహాచైత్యం స్తంభాల మీద, వీరపురుషదత్తుడి మేనత్త చాంతిసిరి బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో శాసనాలు వేయించింది. తేదీ ఎలా వేశారో చూడండి: రాజు పాలనలో 6వ ఏడు, వానాకాలం 6వ పక్షం, 10వ రోజు. ఎవరు, ఏం చేశారు, ఎప్పుడు, ఎవరి మేలు కోరి. ఈవెంట్ లాగ్ టేబుల్‌కి మనం పెట్టుకునే కాలమ్‌లు ఇంచుమించు ఇవే కదా.

1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. డ్యామ్ నిండితే లోయ అంతా నీళ్ల కిందికి పోతుంది. అందుకే 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. కొన్ని కట్టడాలను కొండ మీద, ఒడ్డున అనుపులో తిరిగి కట్టారు. శాసనాలు, శిల్పాలు కొండ మీది మ్యూజియంలోకి చేరాయి. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. లోయలోని ఊళ్లు ఖాళీ అయ్యాయి, విజయపురి మునిగింది. దాని లాగ్ మాత్రం 590 అడుగుల పూర్తి నీటిమట్టానికి పైన నిలిచింది.

సాఫ్ట్‌వేర్ వాళ్లూ ఈ దారికే వచ్చారు. 1980ల్లో బర్క్‌లీలో ఎరిక్ ఆల్‌మన్, సెండ్‌మెయిల్ కోసం సిస్‌లాగ్ రాశారు. ప్రోగ్రామ్ తన లాగ్‌ను తానే దాచుకోకుండా వేరే ప్రాసెస్‌కి అప్పగిస్తుంది. కావాలంటే అది ఇంకో మెషిన్‌కే పంపేస్తుంది. 1999లో వచ్చిన ఒరాకిల్ 8ఐలో అటానమస్ ట్రాన్సాక్షన్ ఉంది. అసలు పని రోల్‌బ్యాక్ అయినా అందులో రాసింది మిగులుతుంది. వేరే డేటాబేస్ వాడేవాళ్లు లాగ్ కోసం విడిగా ఇంకో కనెక్షన్ తెరవచ్చు, లేదా క్యూలో వేయవచ్చు.

నేను ఆ తర్వాత ఇలా మార్చాను. "పని మొదలైంది" అనే వరుస ముందే, విడి కనెక్షన్‌తో రాస్తాను. "పని పూర్తయింది" అనే వరుస మాత్రం అసలు ట్రాన్సాక్షన్ లోపలే ఉంటుంది. మొదటిది ఉండి రెండోది లేకపోతే, ఎక్కడ వెతకాలో వెంటనే తెలుస్తుంది. లాగ్ టేబుల్ మీద అప్లికేషన్‌కి ఇన్సర్ట్ హక్కు మాత్రమే ఇస్తాను, దిద్దడం, చెరపడం కుదరదు. పాస్‌వర్డ్, కార్డ్ నంబర్ అందులో అస్సలు రాయను.

ఈసారి లాంచీ ఎక్కితే ఆ స్తంభాల దగ్గర కాసేపు ఆగండి. మీ సిస్టమ్ మునిగిన రోజు మీ లాగ్ ఎక్కడ ఉంటుందో ఒకసారి ఆలోచించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి.