చిరు వ్యాపారులకు ముందస్తు ప్రణాళిక ఆవశ్యకత

హైదరాబాదు నగరంలోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలలో హాస్టళ్లు, మెస్సులు, జిరాక్స్ కేంద్రాలు, పుస్తక దుకాణాలు అనేకం పోటీ పరీక్షల అభ్యర్థులపై ఆధారపడి ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో 503 గ్రూప్-1 పోస్టులకు వెలువడిన ప్రకటనపై ప్రిలిమినరీ పరీక్ష రెండుసార్లు రద్దయింది. 563 పోస్టులతో కొత్త ప్రకటన 2024 ఫిబ్రవరిలో వెలువడింది. పరీక్ష వాయిదా పడినను దుకాణపు అద్దె, కరెంటు బిల్లు, పనివారి జీతాలు ఆగవు.

కావున వ్యాపారులు ఈ క్రింది అంశాలను పాటించుట శ్రేయస్కరం.

1. మంచి నెలను గాక, అతి తక్కువ రాబడి గల నెలను ప్రాతిపదికగా తీసికొని ఖర్చులను నిర్ణయించుకొనవలెను. కనీసం మూడు నెలల అద్దె, జీతాలకు సరిపడు సొమ్మును విడిగా నిల్వ ఉంచవలెను.

2. సిలబస్ మారినచో పాత పుస్తకాలు అమ్ముడుపోవు. అందుచేత సరుకును కొద్దికొద్దిగా తెప్పించుకొని, మిగిలినవి వాపసు తీసికొనునట్లు ముందే ఒప్పందం చేసికొనవలెను.

3. సమీప కళాశాలలు, కార్యాలయాలు, గృహస్థులను కూడా ఖాతాదారులుగా చేర్చుకొనవలెను.

4. ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసికొనవలెను. 2006 నాటి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న ఉత్పత్తి, సేవా సంస్థలకు కొనుగోలుదారు ఒప్పందమున్నచో గరిష్ఠంగా 45 రోజులలో, లేనిచో 15 రోజులలో చెల్లించవలెను. గడువు దాటినచో బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ వర్తించును. కోచింగ్ కేంద్రాలకు అరువుపై ముద్రణ చేయువారికి ఇది రక్షణ. కేవలం కొని అమ్మే దుకాణాలకు మాత్రం నమోదు ద్వారా ప్రాధాన్యతా రంగ రుణ సౌకర్యమే లభించును.