తైదజావ మన ఇంట్లకెల్లి ఎట్ల పోయింది?

రైతన్నలారా, మూసాపేట మెట్రో దిక్కు దుకాణాల్లో చంటిపిల్లలకని రాగిపిండి ప్యాకెట్లు అమ్ముతున్నరు. ఆ రాగులంటే మన తైదలే. మనం మరిచిన జావను పట్నపోళ్లు కొనుక్కుంటున్నరు.

1983లో ఎన్టీఆర్ సర్కారు రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చింది. ఆకలి తీరింది, కాదనలేం. కానీ తినేటోళ్లు తగ్గేసరికి తైద, జొన్న చేన్లూ తగ్గినయి. 1990లలో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు బీడుభూములు సాగుచేసి, ఆ జొన్నలతోనే ఊరి రేషన్ నడిపినయి. అంటే పోయిన పంటను మళ్లీ తేవచ్చు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 100 గ్రాముల తైదల్లో 350 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటది. తెల్లబియ్యంలో 10 కూడా ఉండదు.

బిడ్డకు ఆరు నెలలు నిండినంక, తల్లిపాలు ఆపకుండ, ఒకటి రెండు చెంచాలతో మొదలుపెట్టండి. తైదలు నానబెట్టి, మొలక కట్టి, ఎండబెట్టి, దోరగ వేయించి, పిండి పట్టి జల్లించాలె. మొలక కడితే జావ గట్టిపడదు, గింజలోని ఇనుము ఒంటికి బాగ పడుతది. ఏడాది దాకా ఉప్పు, చక్కెర వద్దు.

పత్తి, వరి వేసుకోండి. ఈ వానకాలం రెండు గుంటలు మాత్రం మన పిల్లల పేరు మీద తైద చల్లండి.