వీడియో గేమ్‌లలో క్వెస్ట్: చరిత్ర

వీడియో గేమ్‌లో ఆడేవారికి అప్పగించే పనిని, దాని చుట్టూ అల్లిన కథను కలిపి క్వెస్ట్ అంటారు. ఉత్తరం చేరవేయడం, పది తోడేళ్లను చంపడం, పోయిన వస్తువును వెతికి తేవడం ఇందులో అతి సాధారణం. ప్రధాన కథను నడిపేవి మెయిన్ క్వెస్టులు, పక్కదారి పనులు సైడ్ క్వెస్టులు. ఊరికే వస్తువు తెచ్చిచ్చే పని ఫెచ్ క్వెస్ట్; ఈ మాటను ఆటగాళ్లు తరచు విసుగ్గానే వాడతారు. చిల్లర పనులతో మొదలై రాజ్యాల తలరాత మార్చే సాహసంగా ముగియడం ఈ ఆటల్లో మామూలే. కానీ పనుల సంఖ్య పెరిగినంత మాత్రాన సాహసం పెద్దదైపోదు. మొదట్లో చేసిన చిన్న పని అసలు ఎందుకు చేయించారో తర్వాతెప్పుడో తెలిసినప్పుడు పెద్దదవుతుంది. జనం గుర్తుపెట్టుకున్న ఆటలు చాలావరకు ఈ కిటుకు పట్టుకున్నవే.

ఈ చరిత్ర కంప్యూటర్ బయటే మొదలైంది. 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' కంప్యూటర్ ఆట కాదు. బల్ల చుట్టూ కూర్చుని కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడేది. పని చెప్పేది, ఫలితం తేల్చేది డంజన్ మాస్టర్ అనే మనిషి. ఆటగాళ్లు ఊహించని దారి పడితే ఆయన అప్పటికప్పుడు కథ మార్చేస్తాడు. కంప్యూటర్‌కు ఆ వెసులుబాటు లేదు. అన్నీ ముందే రాసిపెట్టాలి. క్వెస్టులు అల్లే విద్య ఈ లోటులోంచే పుట్టింది.

కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహల్లో తిరిగి వాటి పటాలు గీసిన ప్రోగ్రామర్ విల్ క్రౌథర్ 1976 ప్రాంతంలో 'కొలోసల్ కేవ్ అడ్వెంచర్' రాశాడు. స్టాన్‌ఫర్డ్‌లో ఉన్న డాన్ వుడ్స్ మరుసటి ఏడాది దాన్ని పెంచాడు. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. గుహలోని నిధులను బయటి ఇంటికి చేర్చడమే పని. వుడ్స్ రూపంలో పూర్తి మార్కులు 350. ఒకచోట పాము దారికి అడ్డంగా ఉంటుంది. దాన్ని తరిమేది ఒక చిన్న పక్షి. పక్షిని పట్టాలంటే పంజరం కావాలి. పంజరం చేతిలో ఉన్నా పక్షి చిక్కదు, ఎందుకంటే అంతకుముందు దొరికిన నల్ల కర్రను చూసి అది బెదురుతుంది. కర్ర కింద పెడితేనే పని జరుగుతుంది. పనిలో పని దాచే ఈ పద్ధతి ఆ తర్వాతి అడ్వెంచర్ ఆటలన్నిటికీ పునాది అయింది. రాబర్టా విలియమ్స్ 1984లో చేసిన 'కింగ్స్ క్వెస్ట్' దానికి రంగుల బొమ్మలు తొడిగింది.

జపాన్‌లో యూజీ హోరీ 1986లో రూపొందించిన 'డ్రాగన్ క్వెస్ట్' మరో మెట్టు. ఆట మొదలైన కోట బయటికి రాగానే నీళ్లకు ఆవలి ఒడ్డున శత్రువు కోట కనిపిస్తుంది. పది నిమిషాల దూరం కూడా ఉండదు, కానీ వెళ్లే దారి లేదు. వంతెన వేయాలంటే ఇంద్రధనుస్సు బిందువు కావాలి. దానికి సూర్యరశ్మి రాళ్లు, వాన దండం కావాలి. వాన దండం ఇచ్చే ముసలాయన వెండి వీణ తెమ్మంటాడు. ఆ వీణ ఎక్కడో ఒక సమాధి అడుగున ఉంది. ఏడు చేపల కథ వింటూ పెరిగిన తెలుగువారికి ఈ అల్లిక కొత్తేమీ కాదు. గమ్యాన్ని మొదటి నిమిషంలోనే చూపించి, మధ్యలోని ప్రతి చిన్న పనికీ దాని బరువు అంటించడం హోరీ తెలివి. 1993లో నింటెండో గేమ్ బాయ్ కోసం తెచ్చిన 'లింక్స్ అవేకెనింగ్'లో ఈ గొలుసు సరదాగా సాగుతుంది: బొమ్మ ఇస్తే రిబ్బను, రిబ్బను ఇస్తే కుక్క తిండి, అదిస్తే అరటిపళ్లు. ఆ అరటిపళ్లు పుచ్చుకున్న కోతులే వంతెన కట్టిపెడతాయి.

చిల్లర పని పెరిగి పెద్దదయ్యే తీరుకు అన్నిటికన్నా మంచి ఉదాహరణ 2002 నాటి 'మారోవిండ్'. అమెరికాలోని బెథెస్డా సంస్థ చేసిన ఈ ఆటలో మనం ఓడలో తెచ్చి దించిన ఖైదీ. విడిచిపెడుతూ అధికారులు ఒక పొట్లం చేతిలో పెట్టి, బల్మోరా అనే ఊళ్లో కేయస్ కొసాడెస్‌కు ఇమ్మంటారు. వెళ్తే చొక్కా లేని ఓ పెద్దాయన ఒంటిగది ఇంట్లో ఉంటాడు. పొట్లం తీసుకుని, కాస్త డబ్బిచ్చి, ముందు ఏదైనా పనిలో కుదురుకుని అనుభవం సంపాదించి రమ్మంటాడు. తర్వాత ఒక పండితుడి దగ్గరికి పంపిస్తాడు. ఆయన శిథిలాల్లోంచి ఒక చిన్న పెట్టె తెస్తేనే నోరు విప్పుతానంటాడు. ఆ పెట్టె కోసం గంటలు పోగొట్టుకున్నవారు లెక్కలేనంతమంది. మ్యాపు మీద బాణం గుర్తు ఉండదు. వంతెన దాటి ఎటు తిరగాలో మాటల్లో చెబుతారు, దాన్ని డైరీలో చూసుకోవాలి. చాలా దూరం పోయాక ఆ మొదటి పొట్లంలోని సంకేత లేఖకు అర్థం చెబుతారు. ఒక జోస్యంలోని వీరుడి లక్షణాలు ఈ ఖైదీకి సరిపోతున్నాయని చక్రవర్తే మనల్ని పంపాడట. మోసుకెళ్లిన పొట్లంలో ఉన్నది మన సంగతే.

2004 నవంబరులో వచ్చిన ఆన్‌లైన్ ఆట 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' దారి మార్చింది. పని చెప్పే పాత్ర తలపై పసుపు ఆశ్చర్యార్థకం, పని పూర్తయ్యాక ప్రశ్నార్థకం. ఎవరితో మాట్లాడాలో వెతుక్కునే బాధ పోయింది, పనులు జాబితా అయ్యాయి. ఆ ఆట రూపకర్తల్లో ఒకరైన జెఫ్ కాప్లన్ 2009లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో దీని లోపాలను తానే ఏకరువు పెట్టాడు. ఒక్కో క్వెస్ట్ వివరణకు 511 అక్షరాలే పరిమితి అని చెప్పాడు. ఊళ్లోకి రాగానే ఒకేసారి వెలిగే గుర్తుల గుంపును క్రిస్మస్ చెట్టుతో పోల్చాడు. అయినా ఆ ఆటలోనే 2006 జనవరిలో ఆన్ కిరాజ్ అనే చోటి ద్వారాలు తెరిచిన ఘట్టం ఉంది. ప్రతి సర్వర్‌లోనూ ఆటగాళ్లంతా కలిసి నార కట్లు, రాగి కడ్డీలు, మూలికలు కుప్పలుగా పోగేసి యుద్ధ సన్నాహానికి అప్పగించారు. సుదీర్ఘమైన క్వెస్టుల వరుస పూర్తిచేసి దండం సంపాదించినవారు గంట మోగిస్తే ద్వారం తెరుచుకుంది. వేలమంది చేసిన ఫెచ్ క్వెస్టులు ఒక పురాణ ఘట్టంగా మారాయి.

అంతులేకుండా పనులు తయారుచేసే పద్ధతి కూడా ఉంది. 1996 నాటి 'డాగర్‌ఫాల్' గిల్డు పనులను అచ్చులో పోసినట్టు పుట్టించేది. 2011లో 'స్కైరిమ్' అదే బాట పట్టింది. పని అయిపోదు, కథ మాత్రం ముందుకు కదలదు.

పోలండ్‌లోని సీడీ ప్రొజెక్ట్ రెడ్ 2015లో తెచ్చిన 'విచర్ 3'లో ఒక ముసలమ్మ తన పెనం తెచ్చిపెట్టమంటుంది. అది ఉన్న ఇంట్లోకి వెళ్తే లోపల శవం. మరోచోట బ్లడీ బ్యారన్ తన భార్యాబిడ్డలను వెతికిపెడితేనే మనకు కావలసిన కబురు చెబుతానంటాడు. వెతికేకొద్దీ బయటపడేది ఆయన చేసిన ఘోరాలే. సైడ్ క్వెస్టును మెయిన్ క్వెస్ట్ స్థాయిలో రాయవచ్చని ఈ ఆట నిరూపించిందని చాలామంది అంటారు.

2017 నాటి 'బ్రెత్ ఆఫ్ ద వైల్డ్' ఆట మొదలయ్యే పీఠభూమి దిగకముందే చివరి శత్రువును చంపే పనిని చేతిలో పెట్టి, ఎప్పుడైనా వెళ్లొచ్చంది. ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ సంస్థ 2022 ఫిబ్రవరిలో విడుదల చేసిన 'ఎల్డెన్ రింగ్' పనుల జాబితానే ఎత్తేసింది. పాత్రలు ఏదో సగం మాట చెప్పి మాయమవుతాయి, మళ్లీ ఎక్కడ దొరుకుతాయో ఆటగాళ్లే గుర్తుపెట్టుకోవాలి. కాగితంపై రాసుకున్నవారూ ఉన్నారు, తిట్టుకున్నవారూ ఉన్నారు. మరుసటి నెల వచ్చిన అప్‌డేట్‌లో, కలిసిన పాత్రల పేరు, గుర్తు మ్యాపుపై కనిపించే ఏర్పాటు చేశారు.