మన స్టూడెంట్ రిప్లై ఇవ్వడం మానేస్తే ఏం చేయాలి?

ఆగస్టులో దిగిన పిల్లలు మొదటి నెలంతా రోజుకు నాలుగు మెసేజ్‌లు పెడతారు. బ్యాంక్ అకౌంట్, సిమ్ కార్డు, ఇండియన్ స్టోర్, అన్నీ మననే అడుగుతారు. అక్టోబరు వచ్చేసరికి ఒక్కొక్కరే మాయమవుతారు. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడతాయి, జవాబు మాత్రం రాదు. డల్లాస్ చుట్టుపక్కల ఎమ్మెస్ చదివే మన పిల్లలకు కొన్నేళ్లుగా మెంటార్‌గా ఉంటున్నాను. కొత్త వాలంటీర్లు నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే.

దీన్ని పొగరు అనుకోకండి. అవసరం తీరాక మరిచిపోయేవాళ్లూ ఉంటారు, కాదనను. వాళ్ల గురించి బెంగ అక్కర్లేదు. కానీ నేను చూసినంతలో ఎక్కువమంది సిగ్గుతోనే తప్పుకుంటారు. మిడ్‌టర్మ్ సరిగ్గా రాసి ఉండరు, ఇంటర్న్‌షిప్ వచ్చి ఉండదు, లేదా మనం సరిచేసి పంపమన్న రెజ్యూమె అలాగే పడి ఉంటుంది. వారం దాటితే ఏం చెప్పాలో తోచదు. నెల దాటితే అసలు విషయం కంటే ముందు ఆ నెల రోజుల మౌనానికి సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ సంజాయిషీ అవసరం లేకుండా చేయడమే మన పని.

"ఏమైపోయావు? ఎన్ని మెసేజ్‌లు పెట్టానో చూశావా?" అంటే తలుపు ఇంకా బిగుసుకుంటుంది. "ఎలా ఉన్నావు?" అనేది కూడా కష్టమైన ప్రశ్నే. బాగాలేనివాడు అబద్ధమైనా చెప్పాలి, పెద్ద కథైనా చెప్పాలి. నేనైతే ఇలా పెడతాను: "తమ్ముడూ, పాత మెసేజ్‌లు వదిలెయ్. ఓపీటీకి అప్లై చేశావా లేదా, ఒక్క ముక్క చెప్పు చాలు." అరనిమిషం వాయిస్ మెసేజ్ అయితే ఇంకా మంచిది, మనం కోపంగా లేమని గొంతులో తెలుస్తుంది. వీటన్నిటికంటే బాగా పనిచేసేది తిండి. "శనివారం మీ అపార్ట్‌మెంట్ వైపు వస్తున్నాను, పులిహోర ఇచ్చి వెళ్తాను" అంటే పలకనివాళ్లు తక్కువ. ఇచ్చి నిజంగానే వెళ్లిపోవాలి, అక్కడ కూర్చుని క్లాసు తీసుకోకూడదు.

మెసేజ్‌కీ మెసేజ్‌కీ మధ్య రెండు వారాలైనా ఆగండి. డిసెంబరు మొదట్లో, మే మొదట్లో ఫైనల్స్ ఉంటాయి, అప్పుడు అసలు కదిలించకండి.

అయితే వీసా గడువులు మన మొహమాటాల కోసం ఆగవు. ఓపీటీకి చదువు పూర్తయ్యే తేదీకి 90 రోజుల ముందు నుంచి, పూర్తయ్యాక 60 రోజుల లోపు అప్లై చేయాలి. ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులే ఉండొచ్చు. పిల్లలు ఎక్కువగా మౌనంలోకి జారిపోయేది ఆ 90 రోజుల్లోనే. కోర్సు కష్టంగా ఉందని డీఎస్ఓ అనుమతి లేకుండా డ్రాప్ చేసి ఫుల్‌టైమ్ లోడ్ తగ్గించుకుంటే స్టేటస్‌కే ముప్పు. ఇల్లు మారితే 10 రోజుల్లో అడ్రస్ తెలియజేయాలి. ఇలాంటివి జవాబు ఆశించకుండా పంపేయండి, చదువుకుంటారు. బయట అనుమతి లేని పనిలో ఇరుక్కున్నారని తెలిస్తే మాత్రం సలహా ఇవ్వకండి. ఇమ్మిగ్రేషన్ లాయర్ దగ్గరికి పంపండి.

ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఫోన్ చేయాలనిపిస్తుంది. చేయకండి. అప్పు చేసి పంపినవాళ్లు రాత్రంతా నిద్రపోరు, ఆ పిల్లాడు మనల్ని మళ్లీ నమ్మడు. ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు లెక్క వేరు. గదిలోంచి బయటికి రావడం లేదని, తినడం లేదని, బతకాలని లేదన్నట్టు మాట్లాడుతున్నాడని రూమ్మేట్లు చెబితే మెసేజ్‌లతో సరిపెట్టకండి. వెంటనే వెళ్లండి, దూరంలో ఉంటే క్యాంపస్ పోలీసులను వెల్‌నెస్ చెక్ అడగండి. 988 నంబరుకు రోజంతా ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, టెక్స్ట్ కూడా పంపొచ్చు. ఇంకొకరి గురించి భయపడుతున్నవాళ్లూ దానికి చేయొచ్చు. అప్పటికప్పుడే ప్రమాదమైతే 911.

చాలాకాలం తర్వాత "హాయ్ అన్నా" అని వస్తే, నిన్ననే మాట్లాడుకున్నట్టు మాట్లాడండి. నాతో కుదరకపోతే ఇంకో మెంటార్‌ను చూస్తానని కూడా చెప్పండి, అందులో మనకు పోయేదేమీ లేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: "ఫలానా అబ్బాయి రెస్పాండ్ కావడం లేదు" అని వాలంటీర్ల గ్రూపులో పెట్టకండి. ఆ గ్రూపులో ఎవరో ఒకరు వాళ్ల బాబాయికి స్నేహితులై ఉంటారు.